121 ఓటములు: మేనేజర్ పోగొట్టినవి ఎన్ని, అంపైర్లు లాక్కున్నవి ఎన్ని?

35వ_వీధి_శ్రీను
నిన్న, 2024 సెప్టెంబరు 29 ఆదివారంతో, అమెరికా బేస్‌బాల్ సీజన్ ముగిసింది కనుక, ఇకనైనా రక్తపోటు పెరగకుండా మాట్లాడుకోవచ్చునన్న ఆశతో ఇది రాస్తున్నాను. షికాగో వైట్ సాక్స్ 2024లో 41 ఆటలు గెలిచి 121 ఓడిపోయింది. 1962లో న్యూయార్క్ మెట్స్ ఓడిన 120 ఆటల రికార్డును అరవై ఏళ్లకు పైగా ఎంత అధ్వాన్నమైన జట్టూ దాటలేదు. మనవాళ్లు మొన్న శుక్రవారం రాత్రి డెట్రాయిట్‌లో 4-1తో ఓడి దాటేశారు.

నా ప్రశ్న ఇది. ఆగస్టు 8న మేనేజర్ పేడ్రో గ్రిఫోల్‌ను తొలగించారు. అప్పటికి ఈ సీజన్‌లో ఆయన ఖాతా 28 గెలుపులు, 89 ఓటములు. నిరుటి 61-101ని కూడా కలుపుకుంటే 89-190. నేనెరిగిన అభిమానుల్లో సగం మంది తప్పంతా ఆయనదేనంటారు. మిగతా సగం మంది మే 23న బాల్టిమోర్ ఓరియోల్స్‌తో జరిగిన ఆటలో అంపైర్ ఇచ్చిన నిర్ణయం దగ్గరే ఆగిపోయి, లీగ్ మొత్తం మన మీద కక్ష కట్టిందంటారు. నేను మొదటి సగంలో ఉన్నాను. మొదటి 25 ఆటల్లో 22 ఓడిపోయి, మే నెలలో మొదలుపెట్టి వరుసగా 14, జులైలో మొదలుపెట్టి వరుసగా 21 ఓడిన జట్టుకు అదే మేనేజర్‌ను ఆగస్టు దాకా ఎందుకు కొనసాగించారో నాకు బోధపడదు. మీరేమంటారు?

నేపర్‌విల్_నాని
నేను రెండో సగం. మే 23 నాటి ఆటను బేస్‌బాల్ అని పిలవడానికి కూడా నాకు మనసొప్పదు. బంతి గాలిలో ఉంది, ఫీల్డరు దాన్ని నిక్షేపంగా పట్టుకున్నాడు, అయినా మన రన్నర్ అడ్డొచ్చాడని చెప్పి ఆటను అక్కడికక్కడే ముగించేశారు. వరుసగా 14 ఓడాం అంటున్నారే, ఆ వరుసలో అది రెండో ఆటో మూడో ఆటో. అది గెలిచి ఉంటే వరుసే ఉండేది కాదు.

బాక్స్‌స్కోర్_బాబ్జీ
శ్రీను గారి ప్రశ్నకు భావోద్వేగం లేని సమాధానం ఒకటుంది. ఈ జట్టు 162 ఆటల్లో చేసిన పరుగులు 507, ఇచ్చినవి 813. చేసిన పరుగుల్లో ముప్ఫై జట్లలోనూ అట్టడుగున నిలిచింది. పరుగుల వర్గాలను పోల్చి గెలుపులను అంచనా వేసే బిల్ జేమ్స్ సూత్రం ప్రకారం ఇలాంటి జట్టు సుమారు 45 ఆటలు గెలవాలి. ఆ సూత్రాన్ని కొంచెం సవరించి వాడేవారి లెక్కలో 48 దాకా వస్తుంది. గెలిచింది 41. అంటే మేనేజర్, అంపైర్లు, దురదృష్టం, చివరి ఇన్నింగ్స్‌లలో చేతులెత్తేసిన బుల్‌పెన్ (ఆట మధ్యలో దిగి బంతి విసిరే పిచర్ల బృందం), అందరూ కలిసి పంచుకోవలసిన పాపం నాలుగు నుంచి ఏడు ఆటలు మాత్రమే. మిగిలిన 114 ఓటములకు ఆటగాళ్లను ఎంపిక చేసినవారే బాధ్యులు.

35వ_వీధి_శ్రీను
బాబ్జీ గారూ, ఆ 507 పరుగులు కూడా మేనేజర్ పనితీరులో భాగమే కదా? బ్యాటింగ్ వరుస రాసేది ఆయన, శిక్షకులతో పని చేయించేది ఆయన. గాలిలోకి నిటారుగా లేచిన పాప్-అప్ బంతికి ఇద్దరు ఫీల్డర్లు పరుగెత్తి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మధ్యలో నేల మీద పడనిచ్చే జట్టును ఈ వేసవిలో ఎన్నిసార్లు చూశామో గుర్తు చేసుకోండి. సత్తా లేకపోవడం వేరు, క్రమశిక్షణ లేకపోవడం వేరు. మొదటిది యజమాని తప్పు, రెండోది మేనేజర్ తప్పు.

బాక్స్‌స్కోర్_బాబ్జీ
అయితే మేనేజర్‌ను మార్చాక ఏం జరిగిందో చూద్దాం. గ్రేడీ సైజ్‌మోర్ తాత్కాలికంగా పగ్గాలు పట్టి 13 గెలిచి 32 ఓడాడు. పైకి చూస్తే గ్రిఫోల్ కంటే మెరుగే. కాని అందులో చివరి వారంలో గెలిచిన ఐదు ఆటలను, అంటే లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ మీద మూడు, శని ఆదివారాల్లో డెట్రాయిట్ మీద రెండు, పక్కన పెట్టి చూడండి. ఆ వారానికి ముందు జట్టు 36-120తో ఉంది. అంటే అప్పటికి సైజ్‌మోర్ లెక్క 8-31. అది గ్రిఫోల్ కంటే అధ్వాన్నం. సైజ్‌మోర్ అంటే ఆటగాళ్లకు ఇష్టమని, డగౌట్‌లో నవ్వులు వినిపిస్తున్నాయని అందరూ రాశారు. నవ్వుతూ కూడా ఓడిపోయారు.

ఉత్తర_దిక్కు_ఉష
షికాగోలోనే ఉన్న ఇంకో జట్టు కబ్స్ అభిమానిని కనుక ఈ చర్చలో నాకు ఓటు హక్కు లేదని తెలుసు. మాది 83-79, చెప్పుకోదగ్గదేమీ కాదు. కాని నాని గారు అంపైర్ల కక్ష గురించి మాట్లాడుతుంటే 2005 అక్టోబరు 12 గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. అప్పుడు అంపైర్ డగ్ ఎడింగ్స్ ఎవరి పక్షాన ఉన్నాడో ఎవరైనా వివరిస్తారా?

నేపర్‌విల్_నాని
ఉష గారూ, అది వేరే విషయం.

పాత_కోమిస్కీ
అది వేరే విషయమేమీ కాదు నానీ, అదే విషయం. పిల్లలకు తెలియకపోవచ్చు కనుక చెబుతాను. అమెరికన్ లీగ్ ఫైనల్‌లో రెండో ఆట. ఏంజెల్స్ అప్పటికే ఒక ఆట గెలిచి ముందంజలో ఉంది. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో స్కోరు 1-1, ఇద్దరు అవుట్. మన ఏజే పియర్జిన్‌స్కీ మూడో స్ట్రైక్‌కు బ్యాటు ఊపి తప్పాడు. ఇన్నింగ్స్ అయిపోయిందనుకుని ఏంజెల్స్ క్యాచర్ జోష్ పాల్ బంతిని పిచర్ గుట్ట వైపు దొర్లించేసి నడవడం మొదలుపెట్టాడు. పియర్జిన్‌స్కీ మాత్రం మొదటి బేసుకు పరుగెత్తాడు. బంతి నేలను తాకి క్యాచర్ చేతిలో పడిందని ఎడింగ్స్ తేల్చాడు; మూడో స్ట్రైక్ బంతిని క్యాచర్ నేలను తాకకుండా పట్టకపోతే బ్యాటర్ పరుగెత్తవచ్చు, కనుక బ్యాటర్ అవుట్ కాలేదు. అతని బదులు పరుగెత్తడానికి వచ్చిన పాబ్లో ఒజూనా రెండో బేసు దొంగిలించాడు (పిచర్ బంతి విసురుతుండగానే పరుగెత్తి చేరుకున్నాడు), జో క్రీడీ డబుల్ కొట్టాడు, 2-1తో గెలిచాం. ఆ తర్వాత ఏంజెల్స్‌కు ఒక్క ఆట కూడా ఇవ్వలేదు. ఆ ఏడాదే హ్యూస్టన్‌ను 4-0తో ఊడ్చేసి, 1917 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచాం. ఏంజెల్స్ అభిమాని ఎవరైనా ఆ బంతి నేలను తాకలేదని ఈ రోజుకూ ప్రమాణం చేసి చెబుతాడు. నేనూ ఆ దృశ్యాన్ని చాలాసార్లు చూశాను. నాకేమీ తేలలేదు, తేల్చుకోవాలని కూడా లేదు.

ఉత్తర_దిక్కు_ఉష
పెద్దాయన నిజాయితీకి నమస్కారం.

బెజవాడ_మూర్తి
మా అబ్బాయి షామ్‌బర్గ్‌లో ఉంటాడు. నిరుడు వేసవిలో వెళ్లినప్పుడు ఈ ఆట చూపించాడు, అప్పటి నుంచి ఇక్కడ విజయవాడలో పొద్దున్నే కాఫీతో పాటు స్కోరు చూడడం అలవాటైంది. నాకు అర్థం కానిది ఒక్కటే. బంతిని పట్టుకున్నాక రన్నర్ ఎలా అవుటయ్యాడు? క్రికెట్‌లో కెప్టెన్ సైగ చేస్తే మూడో అంపైర్ చూస్తాడు కదా, ఇక్కడ మేనేజర్ ఎందుకు అడగలేదు?

స్ట్రైక్‌జోన్_శారద
వారాంతాల్లో మా ఊరి పిల్లల లీగ్‌లో అంపైర్‌గా నిలబడుతుంటాను కనుక ఈ నియమాన్ని తల్లిదండ్రులకు కంచె ఇవతలి నుంచి వివరించడం నాకు అలవాటే. వివరించాక వాళ్లు ఇంకా గట్టిగా అరవడం కూడా అలవాటే.

మే 23న తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, స్కోరు 8-6, ఒకరు అవుట్, మొదటి రెండు బేసుల మీద ఇద్దరు రన్నర్లు. ఆండ్రూ బెనింటెండీ కొట్టిన బంతి ఇన్‌ఫీల్డ్ మీదే గాలిలోకి లేచింది. ఇటువంటి సందర్భంలో ఫీల్డరు కావాలని బంతిని జారవిడిచి, బేసులకు అంటిపెట్టుకుని ఉన్న రన్నర్లిద్దరినీ అవుట్ చేసే కపటానికి తావు లేకుండా, బంతి ఇంకా గాలిలో ఉండగానే అంపైర్ ఇన్‌ఫీల్డ్ ఫ్లై ప్రకటిస్తాడు. అంటే ఫీల్డరు పట్టినా పట్టకపోయినా బ్యాటర్ అవుట్. దానితో రెండు అవుట్లు. ఆ సమయంలో రెండో బేసుకు తిరిగి వెళ్తున్న ఆండ్రూ వాన్, బంతి కోసం వస్తున్న షార్ట్‌స్టాప్ గన్నర్ హెండర్సన్ దారిలో పడ్డాడు. కొట్టిన బంతి మీద మొదటి హక్కు ఫీల్డరుదే, రన్నర్ తప్పుకోవాలి. తప్పుకోకపోతే, అడ్డుపడాలన్న ఉద్దేశం అతనికి లేకపోయినా అవుటే. అంపైర్ జూనియర్ వాలెంటీన్ అదే ప్రకటించాడు. మూడో అవుట్, ఆట ముగిసింది.

మూర్తి గారి రెండో ప్రశ్నకు జవాబు: 2014 నుంచి రీప్లే పరిధిని బాగా విస్తరించారు కాని, ఇలాంటి అడ్డగింత నిర్ణయాలు అందులో లేవు. పడిన బంతి స్ట్రైకా (సరైనదా), బాలా (పక్కకు పోయినదా) అన్న నిర్ణయాలు కూడా 2024లో లేవు. మేనేజర్ మైదానంలోకి వచ్చి అరవవచ్చు, బయటికి గెంటించుకోవచ్చు, అంతకు మించి చేయగలిగిందేమీ లేదు.

నా అభిప్రాయం కూడా చెప్పాలి. పుస్తకం ప్రకారం వాలెంటీన్‌కు ఆ అధికారం ఉంది. కాని హెండర్సన్ ఏ ఇబ్బందీ లేకుండా బంతి కిందికి చేరుకుని పట్టుకున్నాడు. అక్కడ అంపైర్‌కు విచక్షణ చూపే వీలుందని లీగ్ వారు తర్వాత క్లబ్బుకు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. నేనైతే ఆ అడ్డగింత ప్రకటించేదాన్ని కాదు.

నేపర్‌విల్_నాని
చూశారా! స్వయంగా అంపైరే ఒప్పుకుంటున్నారు.

స్ట్రైక్‌జోన్_శారద
నాని గారూ, నేను ప్రకటించేదాన్ని కాదని మాత్రమే అన్నాను, కక్ష అనలేదు. అది లేకపోయినా రెండు అవుట్లయ్యాయి, రెండు పరుగులు వెనుకబడి ఉన్నాం, ఇంకొక్క బ్యాటర్ వచ్చేవాడు. ఆ స్థితి నుంచి గెలవడం ఈ జట్టుకు ఎంత సులభమో మీకే తెలుసు.

నేపర్‌విల్_నాని
సులభమని నేనూ అనను. కాని ఒక లెక్క చూడండి. ఆ ఒక్క ఆట గెలిచి ఉంటే మన ఖాతా 42-120 అయ్యేది. మెట్స్‌తో సమానం అయ్యేది కాని రికార్డు మన పేరు మీద పడేది కాదు. వందేళ్ల తర్వాత ఎవరైనా పట్టిక తెరిస్తే అందులో జూనియర్ వాలెంటీన్ పేరు ఉండదు, మన పేరే ఉంటుంది. నా బాధంతా అదే.

బాక్స్‌స్కోర్_బాబ్జీ
ఆ బాధకు చిన్న ఉపశమనం ఉంది. మెట్స్ ఆ ఏడాది ఆడిన వాటిలో ఫలితం తేలినవి 160 మాత్రమే. 40-120 అంటే సరిగ్గా నూటికి 25 గెలుపులు. మనది 41-121, అంటే నూటికి 25.3. శాతాల ప్రకారం మెట్స్ ఇప్పటికీ మనకంటే కింద ఉంది. పంతొమ్మిదో శతాబ్దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే 1899 నాటి క్లీవ్‌లాండ్ స్పైడర్స్ 20-134తో అందరికంటే పాతాళంలో ఉంది.

అరోరా_అనిత
నూటికి 25.3 అన్న ముక్కను టీషర్టు మీద అచ్చు వేయిస్తే ఎంతమంది కొంటారు? ఈ ఏడాది ఆ మైదానంలో నిజంగా జనాన్ని రప్పించింది క్యాంప్‌ఫైర్ మిల్క్‌షేక్ ఒక్కటే. మా పిల్లలు మూడో ఇన్నింగ్స్ దాకా దానికోసం వరుసలో నిలబడి, ఆ తర్వాత స్కోరు చూసి, ఇంటికి పోదామనేవారు.

బెజవాడ_మూర్తి
శారద గారి వివరణతో విషయం తేటపడింది. కాని మేనేజర్ ప్రభావం మహా అయితే ఏడు ఆటలేనన్న బాబ్జీ గారి మాట నాకు మింగుడుపడడం లేదు. మన హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్ సంగతి మరిచిపోయారా? 2008లో మొదటి ఐపీఎల్‌లో 14 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున ఉంది. మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ కెప్టెన్ అయ్యాడు, దక్షిణాఫ్రికాలో కప్పు ఎత్తాడు. దాదాపు అదే జట్టు. నడిపించేవాడు మారితే నడక మారదా?

బాక్స్‌స్కోర్_బాబ్జీ
మూర్తి గారూ, అది 14 ఆటల పోటీ, పైగా కెప్టెన్ స్వయంగా బ్యాటు పట్టి మొదటి ఓవర్లలోనే ఆటను లాక్కుపోగలిగినవాడు. బేస్‌బాల్ మేనేజర్ యూనిఫాం వేసుకుని డగౌట్‌లో కూర్చుంటాడే కాని ఒక్క బంతి కూడా ఆడడు. ఆటగాళ్లకు కూడా ఇక్కడ అంత వీలు లేదు. ఎంత గొప్ప బ్యాటరైనా తన వంతు అయ్యాక మిగతా ఎనిమిది మంది ఆడేదాకా కూర్చోవలసిందే, ఎంత గొప్ప ప్రారంభ పిచరైనా ఐదు రోజులకొకసారే కనిపిస్తాడు. మన గారెట్ క్రోషే ఆల్‌స్టార్ అయ్యాడు. సీజన్ మొదటి రోజే అద్భుతంగా విసిరాడు, ఆ ఆటనూ 1-0తో ఓడిపోయాం.

డెట్రాయిట్_దివ్య
ఆ 1-0 మా మీదే. 121వ ఓటమీ మా మీదే. అదే రాత్రి మేము 2014 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు అర్హత సాధించాం. ఒకే మైదానంలో ఒక జట్టు షాంపేన్ పోసుకుంటుంటే ఇంకో జట్టు రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. కారెక్కి ఇంటికొస్తుంటే మీ అందరి గురించీ నిజంగానే ఆలోచించాను.

మేనేజర్ విషయంలో మాత్రం నేను మూర్తి గారి పక్షం. జులై చివర్లో మా క్లబ్ కూడా చేతులెత్తేసి జాక్ ఫ్లాహర్టీని డాడ్జర్స్‌కు అమ్మేసింది. తారిక్ స్కూబల్ తప్ప నమ్మదగిన ప్రారంభ పిచర్ దాదాపు లేడు. అయినా మా మేనేజర్ ఏజే హించ్ మిగతా రోజుల్లో ఒక్కొక్క పిచర్‌తో ఒకటి రెండు ఇన్నింగ్స్‌లు విసిరించి, ఎవరిని ఎప్పుడు దింపుతాడో ఎదుటివాళ్లకు అంతుపట్టకుండా చేసి, జట్టును ఇక్కడిదాకా లాక్కొచ్చాడు. హించ్ మచ్చలేని మనిషని నేననను. హ్యూస్టన్ జట్టు ఎదుటి క్యాచర్ సైగలను దొంగచాటుగా కనిపెట్టిన వ్యవహారంలో 2020 సీజన్ మొత్తం నిషేధం అనుభవించినవాడే. కాని ఆట నడపడం తెలుసు.

35వ_వీధి_శ్రీను
దివ్య గారు నా మాటే చెప్పారు. ఉన్న సరుకుతో వంట చేసేవాడే మేనేజర్.

నేపర్‌విల్_నాని
మేనేజర్ల గొప్పతనం గురించి మాట్లాడేవారు 2022 జూన్ 9ని కూడా గుర్తు తెచ్చుకోవాలి. డాడ్జర్స్‌తో ఆట. ట్రే టర్నర్‌కు ఒక బాల్, రెండు స్ట్రైకులు అయ్యాయి, అంటే ఇంకొక్క స్ట్రైక్ పడితే చాలు, అవుట్. ఆ స్థితిలో మన అప్పటి మేనేజర్ టోనీ లరూసా అతన్ని కావాలని, ఇక ఆడనివ్వకుండా, మొదటి బేసుకు నడిపించాడు. తర్వాత వచ్చిన మ్యాక్స్ మన్సీ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. అప్పుడు మైదానంలో ఉన్నవాళ్లలో ఒక్కరికి కూడా ఆ నిర్ణయం అర్థం కాలేదు.

పాత_కోమిస్కీ
లరూసా పేరు వచ్చింది కనుక, మీరెవ్వరూ పట్టించుకోని మనిషి దగ్గరికి వెళ్దాం. ఆయన్ని మొదటిసారి మన మేనేజర్‌గా చూసినప్పుడు నేను ఈ దేశానికి కొత్త. 1983లో 99 ఆటలు గెలిపించాడు. 1986లో తీసేశారు. ఆ తొలగింపును యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్ జీవితాంతం పశ్చాత్తాపంగా మోసి, 34 ఏళ్ల తర్వాత, 2020లో, 76 ఏళ్ల వయసున్న అదే మనిషిని మళ్లీ తెచ్చి కూర్చోబెట్టాడు. జట్టుకు ఎవరు కావాలో వెతకడం కాదది, సొంత మనసు భారం దించుకోవడం. 2021లో 93 గెలిచి డివిజన్ సాధించిన మాట నిజమే, కాని ఆ కుర్రాళ్లను తయారు చేసింది ఆయన కాదు. మరుసటి ఏడు 81-81. ఆ తర్వాతి రెండేళ్లు మీకు తెలిసినవే.

1981 నుంచి ఈ క్లబ్ ఒకే చేతిలో ఉంది. 1988లో ఫ్లోరిడాకు తరలిపోతామని బెదిరించి, శాసనసభ అర్ధరాత్రి గడియారం ఆపి మరీ ఓటేసి సొమ్మిచ్చేలా చేసుకున్నారు. ఇప్పుడు సౌత్ లూప్ దగ్గర మళ్లీ కొత్త మైదానానికి ప్రజల సొమ్ము అడుగుతున్నారు. ఆటగాళ్ల మీద ఖర్చు సంగతి చూస్తే, క్లబ్ చరిత్రలో అతిపెద్ద ఒప్పందం బెనింటెండీకి ఇచ్చిన 75 మిలియన్ డాలర్లు. మిగతా జట్లలో అత్యధికం ఎప్పుడో 100 మిలియన్లు దాటాయి. మేనేజర్లను మారుస్తూ పోతే ఏం లాభం? గత వారం ఏంజెల్స్‌తో ఆటల్లో గుంపంతా కలిసి క్లబ్బును అమ్మేయమని కేకలు వేసింది. ఎవరూ గ్రిఫోల్ పేరు ఎత్తలేదు.

బాక్స్‌స్కోర్_బాబ్జీ
పెద్దాయన మాటకు ఒక ఉదాహరణ జోడిస్తాను. 2018-19 చలికాలంలో మానీ మచాడో కోసం మన క్లబ్ వలవేసింది. డబ్బు పెంచడానికి బదులు, అతన్ని ఆకర్షించడానికి ముందుగా అతని బావమరిది యాండర్ అలోన్సోను, దగ్గరి స్నేహితుడు జాన్ జేను జట్టులోకి తెచ్చుకుంది. మచాడో 300 మిలియన్లు ఇచ్చిన శాన్ డియేగోకు వెళ్లిపోయాడు. బావమరిది మనకు మిగిలాడు.

అరోరా_అనిత
పెళ్లికొడుకు వేరే సంబంధం చేసుకున్నా, బావమరిది భోజనం ఖర్చు మనమే పెట్టుకున్నామన్నమాట.

35వ_వీధి_శ్రీను
యజమాని పిసినారి అన్న మాట కాదనను. కాని ఆ వాదన వింటుంటే గ్రిఫోల్ ఏమీ తెలియని అమాయకుడిలా తయారవుతున్నాడు. 2023లో ఆయన చేతికి వచ్చింది 121 ఓడిన జట్టు కాదు. టిమ్ ఆండర్సన్, డిలన్ సీస్, లూయిస్ రాబర్ట్, ఎలోయ్ హిమెనెజ్, యోవాన్ మొంకాడా, లాన్స్ లిన్ ఉన్న జట్టు. అది 101 ఓడింది. దానికి ఎవరిని అడగాలి?

బాక్స్‌స్కోర్_బాబ్జీ
అది న్యాయమైన ప్రశ్న, నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ ఆగస్టులోనే ఆటగాళ్ల ఎంపిక చూసే అధికారులు రిక్ హాన్‌ను, కెనీ విలియమ్స్‌ను తీసేసి, బయటివారి కోసం వెతకకుండా వారంపైచిలుకులో అదే కార్యాలయంలోని క్రిస్ గెట్జ్‌కు పట్టం కట్టారు. గెట్జ్ వచ్చాక ఆండర్సన్‌ను వదులుకున్నారు, సీస్‌ను సీజన్ మొదలవకముందే శాన్ డియేగోకు ఇచ్చేశారు. మనం వరుసగా 21 ఓడుతున్న ఆ రోజుల్లోనే, జులై 25న, సీస్ ఆ జట్టు తరఫున నో-హిట్టర్ (ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) విసిరాడు. కొరియా నుంచి తెచ్చుకున్న ఎరిక్ ఫెడీ బాగా విసురుతుంటే అతన్నీ సెయింట్ లూయిస్‌కు పంపేశారు. రాబర్ట్, మొంకాడా ఏప్రిల్‌లోనే గాయపడ్డారు. ఈ ఏడాది గ్రిఫోల్ చేతిలో ఉన్న వరుస చూస్తే నాకు జాలే కలుగుతుంది, నిరుటిది చూస్తే మాత్రం మీ కోపం అర్థమవుతుంది.

నేపర్‌విల్_నాని
అంపైర్లను అందరూ సుఖంగా వదిలేశారు. ఓడే జట్టుకు స్ట్రైక్ జోన్, అంటే స్ట్రైక్ అనిపించుకోవడానికి బంతి పడవలసిన హద్దు, పెద్దదవుతుందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. టీవీలో చూపించే ఆ గీతల పెట్టెకు జానెడు దూరంలో పడిన బంతిని కూడా స్ట్రైక్ అంటారు.

స్ట్రైక్‌జోన్_శారద
ఒక ఆటలో బ్యాటర్ ఊపకుండా వదిలేసిన బంతులు సుమారు 150 ఉంటాయి. పెద్ద లీగ్ అంపైర్ నూటికి 93, 94 దాకా సరిగ్గా చెబుతాడు. అంటే ప్రతి ఆటలో తొమ్మిదో పదో తప్పులుంటాయి, అవి రెండు జట్ల మధ్యా పడతాయి. ఓడినవాడు తనవి లెక్కపెట్టుకుంటాడు, గెలిచినవాడు మరిచిపోతాడు. అంపైర్లు తప్పు చేయరని నేననడం లేదు. తొంభై మైళ్ల పైచిలుకు వేగంతో వచ్చి చివర్లో వంగే బంతి, దాన్ని పట్టిన క్షణంలోనే గ్లవ్‌ను లోపలికి జరిపి మాయచేసే క్యాచర్. ఆ వెనుక నిలబడి చూడండి, నూటికి 94 అన్నది నాకు మనిషి చేయగలిగిన పని అనిపించదు.

డెట్రాయిట్_దివ్య
మాకు 2010 జూన్ 2 చాలు. మా పిచర్ అర్మాండో గలరాగా 26 మందిని వరుసగా అవుట్ చేశాడు, ఇరవై ఏడోవాడు మొదటి బేసు దగ్గర స్పష్టంగా అవుట్, అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. పర్ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్‌నూ బేసు చేరనివ్వని ఆట) పోయింది. వీడియో చూశాక జాయిస్ తన తప్పును బహిరంగంగా ఒప్పుకున్నాడు, మరునాడు గలరాగా మైదానంలో అతనికి జట్టు వరుస కాగితం అందిస్తే జాయిస్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. అప్పుడు రీప్లే ఉంటే అరనిమిషంలో సరిదిద్దేవారు. అందుకే స్ట్రైకులకు కూడా యంత్రం రావాలంటాను. కొరియా లీగ్‌లో ఈ ఏడాది, 2024 నుంచి పెట్టేశారు, ఇక్కడ పెద్ద లీగ్‌కు ఒక మెట్టు కిందనున్న ట్రిపుల్-ఏ స్థాయిలో పరీక్షిస్తున్నారు.

స్ట్రైక్‌జోన్_శారద
ప్రతి బంతికీ యంత్రం వద్దు కాని, ఆటకు రెండు మూడు సార్లు ఆటగాడు సవాలు చేసే పద్ధతికి నేను అనుకూలమే. అయితే నాని గారూ, ఆ యంత్రం వచ్చినా మే 23 నాటి నిర్ణయాన్ని అది తాకదు. అడ్డగింత అన్నది గీతల పెట్టె కాదు.

నేపర్‌విల్_నాని
అయితే దాన్నీ రీప్లేలో చేర్చమని అడుగుతాను. చేర్చేదాకా అడుగుతూనే ఉంటాను.

పాత_కోమిస్కీ
మీ ఎవరికీ పట్టని అన్యాయం ఇంకోటుంది. ఇంత ఓడినా వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) మనకు మొదటి ఎంపిక రాదు, పదో స్థానం కంటే పైకి కూడా రాదు. పెద్ద నగరాల జట్లు వరుసగా రెండేళ్లు లాటరీతో తేలే మొదటి స్థానాలు పొందకూడదని 2022 ఒప్పందంలో రాసుకున్నారు. ఈ ఏడాది ఐదో ఎంపికతో హేగెన్ స్మిత్‌ను తీసుకున్నాం, దానితో మన వంతు అయిపోయింది.

అరోరా_అనిత
అంటే 121 ఓడి, ఆ ఓటమికి ప్రతిఫలం కూడా దక్కించుకోలేకపోయామా? ఇది మాత్రం నాకు తెలియదు. బాలాజీ గుడిలో మొక్కుకుందామనుకున్నాను కాని, ఏమని మొక్కుకోవాలో కూడా తెలియడం లేదు.

డెట్రాయిట్_దివ్య
2003లో మేము 119 ఓడాం. చివరి ఆరింటిలో ఐదు గెలిచి మెట్స్ రికార్డును తప్పించుకున్నాం. మూడేళ్లకు, 2006లో, అమెరికన్ లీగ్ విజేతలమై వరల్డ్ సిరీస్ ఆడాం. అయితే ఆ మధ్యలో మా యజమాని డబ్బు తీసి ఇవాన్ రోడ్రిగెజ్‌ను, మాగ్లియో ఆర్డోనియెజ్‌ను తెచ్చాడు. ఆర్డోనియెజ్ అంతకు ముందు ఎవరివాడో మీకు చెప్పనక్కరలేదు.

పాత_కోమిస్కీ
మావాడే. చెప్పనక్కరలేదంటూనే చెప్పావమ్మా.

35వ_వీధి_శ్రీను
కొత్త మేనేజర్‌ను బయటి నుంచి తెస్తామని అంటున్నారు. ఎవరొచ్చినా నా షరతు ఒక్కటే, పాప్-అప్ బంతిని పట్టడం నేర్పాలి. యజమాని మారడం మన చేతిలో లేదు కనుక, కనీసం అదైనా అడగవచ్చు.

బాక్స్‌స్కోర్_బాబ్జీ
దానికంటే ముందు ఈ చలికాలంలో క్రోషేను అమ్ముతారా లేదా అన్నది చూడండి. అమ్మితే నా 45 ఆటల సూత్రాన్ని కూడా మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

అరోరా_అనిత
టికెట్ల విభాగం నుంచి నిన్ననే ఫోన్ వచ్చింది, వచ్చే ఏడాది సీజన్ టికెట్లు తక్కువ ధరకే ఇస్తారట. క్రోషే విషయం తేలేదాకా ఆగమని చెప్పాను.